పాపకు అమెరికా కాలేజీల స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ గ్యారంటీ అంటాండు ఒకాయన, నమ్మాల్నా? మా ఆయన మస్తు ఆశ పెట్టుకున్నడు

హన్మకొండ అమ్మ:

అందరికీ నమస్తే. మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, 400 మీటర్లు ఉరుకుతది. చిన్నప్పటి సంది జేఎన్ఎస్ స్టేడియంలనే ప్రాక్టీస్. పొద్దున చీకటి ఉండంగనె వాళ్ల నాన్న బండి మీద దింపుతడు, సాయంత్రం నేను తీస్కపోత. స్టేట్ మీట్‌ల అండర్ 18 సిల్వర్ వచ్చింది, నేషనల్స్‌కు పోయింది గని హీట్స్‌లనే ఆగిపోయింది. బెస్ట్ టైం 58.9, అది కూడ ఇక్కడి మీట్‌ల సార్లు చేతి వాచ్‌తోని తీసింది.

ఈ మధ్య హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెన్సీ ఆయన వచ్చి పిల్లల పేరెంట్స్‌ను కూసోపెట్టి మాట్లాడిండు. అమెరికా కాలేజీలు ఆటగాళ్లకు ఫీజు, హాస్టల్, తిండి అన్నీ ఫ్రీగ ఇస్తయ్, మీ పాప టైంకు డివిజన్ వన్, అంటె అక్కడి కాలేజీ ఆటలల్ల అన్నిటికంటె పై లెవెల్, గ్యారంటీ అన్నడు. ముందుగాల లక్షన్నర కట్టాల్నట, స్కాలర్‌షిప్ వచ్చినంక దాంట్ల పది శాతం ఆయనకు ఇయ్యాల్నట. తర్వాత కొన్ని రోజులకు ఒక కాలేజీ నుంచి పాప మెయిల్‌కు సమ్మర్ క్యాంపుకు రమ్మని లెటర్ వచ్చింది, కోచ్ సంతకం, కాలేజీ బొమ్మ అన్నీ ఉన్నయ్ దాని మీద. మా ఆయన దాన్ని కలర్ ప్రింట్ తీపిచ్చి లామినేషన్ చేపిచ్చి టీవీ పక్కన పెట్టిండు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ బిడ్డ అమెరికా పోతాంది అని చెప్తాండు.

ఆయన మీద నాకు కోపం లేదు. ఓటీలు చేసి మరీ స్పైక్స్ కొన్నడు, పాప కోసం ఆయన చేసినంత ఎవ్వలు చెయ్యరు. నా బాధంత పాప గురించే. ఇంతకుముందు రౌండ్ కాంగనె సార్ దగ్గరికి ఉరికి ఎంత వచ్చింది సార్ అని అడిగేది, ఇప్పుడు ముందు స్టాండ్స్ దిక్కు తిరిగి వాళ్ల నాన్న మొఖం చూస్తాంది, తర్వాతనే వాచ్ దగ్గరికి పోతాంది. టైం పెరిగిన రోజు అన్నం సరిగ్గ తినదు, అడిగితే ఏం లేదమ్మా అంటది.

నిజంగ ఈ టైంకు అక్కడ సీటు వస్తదా, ఆ లక్షన్నర కట్టొచ్చునా, రాకపోతే మా ఆయనకు ఎట్ల చెప్పాలె, పాప ఉత్సాహం పోకుంట ఎట్ల చూసుకోవాలె, తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

పరకాల టు డాలస్:

అక్కా నమస్తే. మాది పరకాల, ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటున్నం. మా పెద్దోడు ఇక్కడ హైస్కూల్‌లో ట్రాక్ చేసి కాలేజీ టీంకు పోయిండు కాబట్టి ఈ రిక్రూటింగ్ అంతా దగ్గరుండి చూసిన, కొంచెం పొడుగ్గా రాస్తున్న, ఏమనుకోకండి.

ముందు డబ్బు సంగతి. కట్టకండి. వచ్చిన స్కాలర్‌షిప్‌లో పది శాతం అన్నడు చూడండి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఇక్కడ కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, దాని రూల్ ప్రకారం పిల్లల వివరాలు కాలేజీలకు పంపే సర్వీసుకు ఫీజు కట్టొచ్చు గానీ, ఆ ఫీజు స్కాలర్‌షిప్ వస్తే ఇంత అనే లెక్కన ఉండకూడదు. అట్ల అగ్రిమెంట్ మీద సంతకం పెడితే రేపు పాప ఎలిజిబిలిటీకే ఎసరొస్తది. ఆ ముక్క తెలియనోడు ఈ పని చేస్తున్నడంటే నమ్మొద్దు, తెలిసి చేస్తున్నడంటే అస్సలు నమ్మొద్దు.

రెండోది ఆ క్యాంపు లెటర్. బావగారిని నొప్పించాలని కాదు గానీ అది ఆఫర్ కాదు అక్కా. క్యాంపు బ్రోచర్లు కాలేజీలు ఎవరికైనా ఎప్పుడైనా పంపొచ్చు, ఎక్కడో ఒక వెబ్‌సైట్‌లో మెయిల్ ఐడీ ఇచ్చినా చాలు వేల మందికి పోతయ్, ఆ క్యాంపు ఫీజు కూడ మనమే కట్టుకోవాలె. మా ఇంటికీ వచ్చినయ్ అట్లాంటివి బోలెడు. నిజంగ కావాలనుకున్న కోచ్ ఎట్లుంటడంటే, పాప పేరు పెట్టి రాస్తడు, మొన్నటి రేసులో లాస్ట్ 100 ఎందుకు స్లో అయింది అని అడుగుతడు, మార్కుల మెమోలు పంపమంటడు, వీడియో కాల్ పెడతడు. ట్రాక్‌లో డివిజన్ వన్ కోచ్‌లు పదో తరగతి అయినంక జూన్ 15 నుంచి పిల్లలతోని నేరుగా మాట్లాడొచ్చు. మీ పాపకు ఆ తారీఖు దాటింది, అంటే కావాలనుకున్న కోచ్‌కు ఇప్పుడు అడ్డేం లేదు. ఇప్పటిదాకా ఒక్క కోచ్ కూడ నేరుగా మాట్లాడలేదంటే ఈ రోజుకు చేతిలో ఏం లేదనే లెక్క. రేపు కూడ ఉండదని కాదు.

ఇంక ఫుల్ స్కాలర్‌షిప్ మాట. ఇక్కడ పుట్టి పెరిగిన హైస్కూల్ పిల్లలలోనే కాలేజీ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఎంతో కొంత వచ్చేది సుమారు 2 శాతం మందికి, ఇది ఎన్‌సీఏఏ వాళ్లు చెప్పే లెక్కే. అందులో మొత్తం ఫ్రీగా వచ్చేది ఇంకా తక్కువ. మొన్నటి దాకా డివిజన్ వన్‌లో ఆడపిల్లల ట్రాక్ టీంకు 18 స్కాలర్‌షిప్‌లు ఉండేవి, వాటిని కోచ్ ముక్కలు చేసి ఒకరికి సగం, ఒకరికి పావు, ఒకరికి పుస్తకాల డబ్బులు అన్నట్టు పంచేవాడు. 2025లో ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసుల్లో కోర్టు సెటిల్‌మెంట్ అయినంక దాంట్లో చేరిన కాలేజీలకు ఆ లిమిట్ పోయి టీంలో ఎంతమంది ఉండాలె అనే లిమిట్ వచ్చింది, ట్రాక్‌కు 45 మంది. స్కాలర్‌షిప్‌లు పెంచుకోవచ్చు అన్నరు గానీ పెద్ద కాలేజీల డబ్బంతా ముందు ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు పోతది. పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఒకటుంది, ఆల్రెడీ వేరే కాలేజీలో రెండేళ్లు ఉరికి టైం చూపించినోళ్లు అందులో దొరుకుతరు, కోచ్ కొత్త పిల్లను తీసుకునే ముందు అటు చూస్తడు. హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్‌లో, డివిజన్ త్రీలో అయితే ఆట మీద స్కాలర్‌షిప్ అనేదే లేదు, చదువు మీద, ఇంటి ఆదాయం మీద ఇచ్చే ఎయిడ్ వేరే.

58.9 ఇక్కడ కూడ మంచి హైస్కూల్ టైమే, తక్కువ చేయట్లేదు. గానీ పెద్ద కాన్ఫరెన్సుల (కలిసి పోటీ పడే కాలేజీల గుంపుల) ఫైనల్లో అమ్మాయిలు 51, 52, 53 ఉరుకుతరు. చిన్న కాలేజీలు, డివిజన్ టూ, ఎన్ఏఐఏ అనే ఇంకో సంస్థ కింది కాలేజీలు, రెండేళ్ల జూనియర్ కాలేజీలు ఉన్నయ్, వాటిల్లో 56, 57 వాళ్లకు కూడ చోటు దొరుకుతది, కొంత స్కాలర్‌షిప్ కూడ దొరకొచ్చు. నా మాట నమ్మాల్సిన పని లేదు, టీఎఫ్ఆర్ఆర్ఎస్ అనే వెబ్‌సైట్‌లో ప్రతి కాలేజీ మీట్ రిజల్ట్ ఫ్రీగా ఉంటది. ఆ కన్సల్టెన్సీ ఆయన చెప్పిన కాలేజీ పేరు కొట్టి, వాళ్ల టీంలో 400 ఉరికే అమ్మాయిల టైంలు, కాన్ఫరెన్స్ మీట్‌లో ఆఖరికి వచ్చినామె టైం బావగారిని ఆయన చేత్తోనే చూడమనండి. మనం చెప్తే గొడవ అయితది, ఆయనే చూసుకుంటే ఆయనకే అర్థమైతది.

మనోళ్లలో ఎవరికి వచ్చింది అంటే తేజస్విన్ శంకర్ పేరు చెప్తరు అందరు. ఆయన 2016లో, 17 ఏళ్లకే హైజంప్‌లో 2.26 మీటర్లతో నేషనల్ రికార్డ్ కొట్టిండు, ఆ తర్వాత 2017లో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ మీద వచ్చిండు. అంటే ఫుల్ స్కాలర్‌షిప్ మాట వచ్చేది ఆ లెవెల్లో.

రిటైర్డ్ పీఈటీ, కాజీపేట:

అమ్మా, పైన తమ్ముడు రాసింది బాగుంది. నేను గ్రౌండ్ దిక్కు నుంచి రెండు మాటలు చెప్తాను.

చేతి వాచ్ టైం బయట ఎవరూ ఉన్నది ఉన్నట్టు లెక్కలోకి తీసుకోరు. గన్ పేలినాక మనిషి బటన్ నొక్కేసరికి ఆలస్యం అయితది కదా, అందుకే 400 మీటర్లకు చేతి టైంకు 0.14 సెకన్లు కలిపి చూస్తారు. మీ 58.9 అట్ల 59.04 అయితది. 58 అనుకున్న తండ్రికి 59 కనపడితే మనసు చివుక్కుమంటది, నాకు తెలుసు, కానీ అవతల కోచ్ చూసేది అదే. 2021 సెప్టెంబర్‌లో మన జేఎన్ఎస్‌లోనే 60వ నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది కదా, అప్పుడు దేశంలోని పెద్ద పెద్ద రన్నర్లు ఇదే సింథటిక్ ట్రాక్ మీద ఉరికిన్రు. ఆ రిజల్ట్స్ తీసి పాపతోని కూర్చోని చూడండి. ఇదే ట్రాక్, ఇదే మలుపు, వాళ్లు ఎంతలో వచ్చిన్రు అని చూస్తే పిల్లకు లెక్క తెలుస్తది, భయం కూడ పోతది.

ఇంకో సంగతి, అమెరికా కన్నా ముందు ఇంటర్ రెండేళ్లు దాటాలి. మన దగ్గర ఆట ఆగిపోయేది ఇక్కడే. గ్రౌండ్ లేని కాలేజీ, పొద్దున నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్, వీకెండ్ టెస్టులు. నా చేతి కింద నుంచి స్టేట్ మెడల్ కొట్టిన పిల్లలు ఇంటర్‌లో చేరి మళ్లీ స్పైక్స్ ముట్టుకోలేదు. మీరు పాపను ఇప్పటిదాకా రోజూ గ్రౌండ్‌కు పంపుతున్నారంటేనే సగం గెలిచినట్టు.

మన దగ్గర దారులు కూడ రాసుకోండి. ఎప్‌సెట్ అడ్మిషన్లలో స్పోర్ట్స్ కోటా ఉంది, 0.5 శాతమే, పోటీ గట్టిగా ఉంటది, సర్టిఫికెట్ సరైన మీట్‌ది, సరైన ఫారంలో ఉండాలి. ఐఐటీ మద్రాస్ వాళ్లు 2024 నుంచి స్పోర్ట్స్ ఎక్సలెన్స్ అడ్మిషన్ పెట్టిన్రు, ఒక్కో కోర్సుకు రెండు సీట్లు, అందులో ఒకటి ఆడపిల్లలకే, కానీ జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో క్వాలిఫై కావాలి, నాలుగేళ్లలోపు నేషనల్ లేదా ఇంటర్నేషనల్ మెడల్ ఉండాలి. ఖేలో ఇండియాకు సెలెక్ట్ అయితే నెలకు 10,000 చేతి ఖర్చుకు ఇస్తారు, ట్రైనింగ్, తిండి ఖర్చు వేరే చూసుకుంటారు. రైల్వే స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు ఉన్నాయి, మా కాజీపేటలో ఆ దారిన స్థిరపడ్డ కుటుంబాలు ఉన్నాయి. ఇవన్నీ కూడ టైం చూసే ఇస్తారు, ఏదీ ఉత్తగనే రాదు. కానీ అమెరికా ఒక్కటే తలుపు అని పిల్ల అనుకోకూడదు.

మంచిర్యాల తమ్ముడు:

అందరు కలిసి ఆ అన్న ఆశ మీద నీళ్లు పోస్తున్నరు గదా. నిజామాబాద్‌ల నిఖత్ జరీన్ వాళ్ల నాన్న కూడ మన లెక్కనే లెక్కలు వేస్కుంట కూసుంటే ఆమె వరల్డ్ ఛాంపియన్ అయ్యేదా? పర్వతగిరి దగ్గర కల్లెడ నుంచి దీప్తి జీవాంజి పోయి 2024ల కోబెలో 400 మీటర్లల 55.07తోని టీ20 (మేధో వైకల్యం ఉన్న పారా అథ్లెట్ల కేటగిరీ) వరల్డ్ రికార్డ్ కొట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది, ఆ ఊర్ల ఎవరన్న అనుకున్నరా గట్ల? తండ్రి నమ్మకపోతే పిల్లను ఎవరు నమ్ముతరు. కన్సల్టెన్సీకి పైసలు కట్టొద్దు, అది కరెక్టే, గని ఆశ తగ్గించుకో అని చెప్పకుండ్రి.

మాజీ 800 రన్నర్, కరీంనగర్:

తమ్మీ, నీ కోపం అర్థమైంది, నేను కూడ ఆ మాట మీదనే రాద్దామనుకున్న. నేను కరీంనగర్ స్పోర్ట్స్ స్కూల్‌ల చదివిన, తర్వాత యూనివర్సిటీ దాకా 800 ఉరికిన, ఇప్పుడు ఫిజికల్ డైరెక్టర్‌గ చేస్తాన.

నిఖత్ పేరు తీసినవు కాబట్టి చెప్తున్న. ఆమె జూనియర్ వరల్డ్ ఛాంపియన్ అయింది 2011ల, సీనియర్ వరల్డ్ ఛాంపియన్ అయింది 2022ల. నడుమ 11 ఏండ్లు. అండ్ల భుజం గాయం ఒకటి. ఇంట్లోళ్లు నమ్మాల్సింది ఆ 11 ఏండ్లు. వచ్చే జూన్ కల్లా ఆఫర్ రావాలె, లేకపోతే చుట్టాల ముంగట తల ఎట్ల ఎత్తుకోవాలె అనుడు నమ్మకం కాదు, అది పిల్ల మీద వేసే తారీఖు. పిల్లకు ఆ తేడా చెప్పకుంటనే తెలుస్తది.

అక్కా, మీరు రాసిన దాంట్ల నాకు అన్నిటికంటె ఎక్కువ తగిలింది పాప ముందు స్టాండ్స్ దిక్కు చూస్తాంది అన్న మాట. నేను కోచింగ్ ఇచ్చే పిల్లలల్ల ఇది చూస్త. 400ల ఆఖరి 100 మీటర్లు కాళ్లు బరువెక్కి, ఊపిరి అందక, చేతులు బిగుసుకపోతయ్, అప్పుడు భుజాలు వదులు చేసి ఉరకాలె. మనసుల నాన్న ఏమంటడో అని ఉన్న పిల్ల భుజాలు చెవుల దాక లేపుతది, స్ట్రైడ్ చిన్నగైతది, టైం పెరుగుతది. పెరిగిన టైం చూసి నాన్న మొఖం ఇంక మాడుతది. నేను పేరెంట్స్‌కు చెప్పేది ఒక్కటే, ప్రాక్టీస్ రోజు స్టాండ్స్‌ల కూసోకుండ్రి, బయట చాయ్ తాగి రండి, మీట్ రోజు మాత్రం తప్పక రండి, రేస్ కాంగనె టైం అడగకుండ్రి, నీళ్లు ఇయ్యుండ్రి. బండి మీద ఇంటికి పోయేటప్పుడు రేస్ ముచ్చట పాప తీస్తేనే మాట్లాడుండ్రి. ఇవి చిన్నగ కనపడ్తయ్ గని పది పదిహేను రోజులల్ల పిల్ల మారుతది, చూసిన కాబట్టి చెప్తున్న.

ఇంకోటి ఎవ్వలు చెప్పరు. చానమంది ఆడపిల్లలకు 15 నుంచి 17 ఏండ్ల నడుమ టైం ఆగిపోతది, ఒక్కోసారి వెనక్కి కూడ పోతది. ఒళ్లు మారుతది, బరువు మారుతది, నడుము వెడల్పయితది, పాత ఉరుకుడు కుదరదు, మళ్ల కొత్తగ సెట్ కావాలె. బద్ధకం అని, ఫోన్ చూస్తాంది అని తిడ్తరు ఇంట్ల. తిట్టకుండ్రి. ఒకసారి రక్తం టెస్ట్ చేపియ్యుండ్రి, హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఫెరిటిన్ (ఒంట్ల ఐరన్ నిల్వ) కూడ, రన్నింగ్ చేసే ఆడపిల్లలకు ఐరన్ తగ్గుడు మస్తు కామన్. పీరియడ్స్ సరిగ్గ వస్తున్నయా అడుగుండ్రి, ఆగిపోతే ఊకోకుండ్రి, డాక్టర్‌కు చూపియ్యుండ్రి, తిండి సరిపోతలేదని అర్థం కావచ్చు. టైం పెరిగిన రోజు అన్నం తింటలేదు అన్నరు, అది అస్సలు మంచిది కాదు, ఈ వయసుల తిండి మానేసి ఉరికితే ఎముకలకు దెబ్బ.

అసలు పాపను అడిగిన్రా, నీకు అమెరికా పోవాలని ఉన్నదా అని? నాన్న లేనప్పుడు, వంట చేస్కుంట, మామూలుగ అడుగుండ్రి. పోవాలని ఉన్నది అంటె పైన డాలస్ అన్న చెప్పిన చిన్న కాలేజీల దారి ఉన్నది, అది కూడ తక్కువదేం కాదు, డిగ్రీ డిగ్రీనే. లేదు, ఇక్కడనే ఉండి ఉరుకుత అంటె అది కూడ విని ఊకోవాలె.

హన్మకొండ అమ్మ:

అందరికీ చాన థ్యాంక్స్. ఫెరిటిన్ సంగతి నాకు అస్సలు తెల్వదు అక్కా, రేపే టెస్ట్‌కు తీస్కపోత. నిన్న రాత్రి మా ఆయనకు నేనేం చెప్పలేదు, ఆ టీఎఫ్ఆర్ఆర్ఎస్ సైట్ తెరిచి ఫోన్ చేతికిచ్చిన. చానసేపు చూసిండు. మొదలు కోపం చేసిండు, వీళ్లకు మన బిడ్డ గురించి ఏం తెలుసు అని, తర్వాత ఆయనే ఇంకో రెండు కాలేజీలు కొట్టి చూసిండు. ఆ కన్సల్టెన్సీకి డబ్బులు ఇప్పుడే కట్టం అన్నడు. లెటర్ మాత్రం టీవీ పక్కననే ఉంది, నేను ఏమనలేదు.

పాపను అడిగిన. పోవాలనే ఉన్నది గని నాన్న పైసల కోసం భయమైతాంది, రాకపోతే ఎట్ల అన్నది.

ఇప్పుడు మా ఆయన అడుగుతాండు, ఆ చిన్న కాలేజీలకు మనమే మెయిల్ పెట్టొచ్చా, సగం స్కాలర్‌షిప్ వస్తే మిగతాది ఎంత పడ్తది, ఏమేం కాగితాలు కావాలె అని. డాలస్ తమ్ముడు జర చెప్తవా.

పరకాల టు డాలస్:

పెట్టొచ్చు అక్కా, పాపనే పెట్టాలె, కోచ్‌లు పిల్లల నుంచి వచ్చిన మెయిల్ చూస్తరు, పేరెంట్ రాస్తే అంత ఇష్టపడరు. కాలేజీ అథ్లెటిక్స్ వెబ్‌సైట్‌లో స్టాఫ్ అని ఉంటది, స్ప్రింట్స్ కోచ్ మెయిల్ అక్కడే దొరుకుతది, రిక్రూటింగ్ ఫారం కూడ ఫ్రీనే. పేరు, ఊరు, ఏ తరగతి, ఎప్పుడు ఇంటర్ అయిపోతది, 200, 400 టైంలు ఏ మీట్‌లో ఎప్పుడు వచ్చినయో, చేతి టైమా ఎలక్ట్రానిక్ టైమా, మార్కులు, ఒక రేస్ వీడియో స్టార్ట్ నుంచి ఫినిష్ దాకా కట్ చేయకుండ. అంతే, నాలుగు పేరాలు దాటొద్దు. సమాధానం రాకపోవుడే ఎక్కువ ఉంటది, పాపకు ముందే చెప్పండి, ఆమెను వద్దన్నట్టు కాదని.

డబ్బు సంగతి జాగ్రత్తగా వినండి. ఎఫ్ వన్, అంటే స్టూడెంట్ వీసాకు కాలేజీ ఐ ట్వంటీ అనే కాగితం ఇయ్యాలంటే ఏడాది ఖర్చులో స్కాలర్‌షిప్ పోను మిగతాది మీ దగ్గర ఉందని చూపియ్యాలె. కాబట్టి కోచ్ స్కాలర్‌షిప్ ఎంత శాతం అన్నడో కాదు, మొత్తం ఖర్చు పోను ఇంటి నుంచి ఏడాదికి ఎంత కట్టాలె అని రాతపూర్వకంగా అడగండి. చాలా చోట్ల స్కాలర్‌షిప్ ఏడాదికోసారి రెన్యూవల్, కోచ్ మారితే ఏమైతది, గాయమైతే ఏమైతది అని కూడ అడగండి, అడిగితే ఎవరూ ఏమనుకోరు. బావగారు ఇంటి నుంచి ఇంత వరకే పెట్టగలం అని ఒక అంకె ఇప్పుడే అనుకుంటే, పాపకు కూడ ఆ అంకె చెప్తే, ఆమె భయం సగం తగ్గుతది. భూమి అమ్మి పంపే ఆలోచన మాత్రం వద్దు.

కాగితాలంటే తొమ్మిదో తరగతి నుంచి మార్కుల మెమోలు అన్నీ. డివిజన్ వన్, టూ రెండింటికీ 16 కోర్ సబ్జెక్టులు కావాలె, వన్‌కు జీపీఏ (4కు లెక్కేసే మార్కుల సగటు) 2.3, టూకు 2.2. ఎంపీసీ కాబట్టి ఇంగ్లీష్, మ్యాథ్స్, సైన్స్ బాగానే వస్తయ్. శాట్ పరీక్ష ఎన్‌సీఏఏకు అక్కర్లేదు, 2023లో తీసేసిన్రు, కొన్ని కాలేజీలు అడ్మిషన్‌కు అడగొచ్చు. ఇంటర్ అయినంక ఏడాది కంటె ఎక్కువ గ్యాప్ పెట్టి ఇక్కడ మీట్లు ఆడుకుంట ఉంటే అక్కడ ఆడే సీజన్లు కోత పడుతయ్, అది గుర్తుపెట్టుకోండి.

రిటైర్డ్ పీఈటీ, కాజీపేట:

అమ్మా, మెయిల్ పెట్టే ముందు ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న మీట్‌లో ఒకసారి ఉరికించండి, ఆ రిజల్ట్ షీట్ జత చేస్తే మాటకు విలువ ఉంటది. తర్వాతి మీట్ తారీఖు మీ కోచ్ సార్‌ను అడిగి పేరు ఇప్పుడే రాయించండి, ఎంట్రీలు తొందరగా మూసేస్తారు. తొమ్మిదో తరగతి మెమో స్కూల్లోనే ఉండి ఉంటది, సెలవులు ఇవ్వకముందే హెడ్‌మాస్టర్ దగ్గర తీసుకోండి.